కస్టమర్ కేర్ బాబులూ, కొండమీద కూడా కస్టమర్లు ఉన్నారు



ఈసారి కాఫీ గురించి గానీ మిరియం గురించి గానీ రాయట్లేదు. మా ఇంట్లో ఫ్రిజ్ గురించి రాస్తున్నాను. నవ్వకండి, చివరిదాకా చదవండి. ఇది ఒక్క ఫ్రిజ్ సంగతి కాదు. రేపు మీ మిక్సీ కావచ్చు, టీవీ కావచ్చు, స్ప్రేయరు మోటారు కావచ్చు. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

మా ఊళ్ళో పెద్దలు అంటారు, "కొండమీద చలికే పళ్ళు కొట్టుకుంటంటే నీకు ఫ్రిజ్ ఏటికిరా" అని. పుష్యమాసంలో ఆ మాట నిజమే. కానీ మా ఇంటావిడకి మూడేళ్ళ నుంచి సుగరు. పొద్దున్న ఒకటి, రాత్రి ఒకటి ఇన్సులిన్ సూది. సీలు తియ్యని ఇన్సులిన్ రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ కట్టకూడదు, ఎండ తగలకూడదు అని ఆస్పత్రిలో చెప్పేరు. మే నెలలో మా రేకుల ఇంట్లో ఆ చల్లదనం ఎక్కడినుంచి వస్తది? అందుకే ఈ ఏడు ఫిబ్రవరిలో కాఫీ డబ్బులు చేతికి రాగానే, వేరే ఖర్చులు ఆపుకుని పదిహేడు వేలు పెట్టి ఆన్‌లైన్లో ఫ్రిజ్ కొన్నాం. అరకు దాకా వాళ్ళు తెచ్చేరు, అక్కడినుంచి మా ఊరికి ఆటోలో కట్టి తెచ్చుకున్నాం. దారిపొడుగునా నేను దాన్ని పట్టుకునే కూర్చున్నాను.

మే నెలలో ఒకరోజు పొద్దున్న చూస్తే ఫ్రిజ్ కింద నీళ్ళు. లోపల దీపం వెలుగుతోంది, చల్లదనం మాత్రం లేదు. వెనకాల నుంచి కాసేపటికి ఒకసారి 'టిక్' అని చప్పుడు. కొని మూడు నెలలు. వారంటీ ఏడాది.

కంపెనీ పేరు రాయను. ఒక కంపెనీని తిట్టడానికి కాదు ఇది రాస్తున్నది. ఎవరిని అడిగినా ఇలాంటి కథే చెప్తున్నారు కాబట్టి పేరుతో పని లేదు.

మా ఇంట్లో సిగ్నల్ రాదు. పైన పనసచెట్టు గట్టు దగ్గర రెండు గీతలు వస్తాయి. ఆ గట్టు ఎక్కి ఫోన్ చేసేను. హిందీకి ఒకటి నొక్కు, ఇంగ్లీషుకి రెండు నొక్కు అన్నారు. తెలుగు ఎక్కడో చివర ఉంది. అది నొక్కేక పాట మొదలైంది. పదకొండు నిమిషాలు పాట విన్నాను, సిగ్నల్ పోయింది. మళ్ళీ చేసేను, మళ్ళీ పాట. మూడోసారి ఎవరో ఎత్తేరు గానీ నా మాట వాళ్ళకి వినపడలేదు.

రెండోరోజు మా బాబు ఆప్‌లో చాటింగ్ పెట్టేడు. అవతల మనిషి కాదు, మిషను. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అంది. ఫ్రిజ్ చల్లబడట్లేదని రాస్తే, "ప్లగ్గు పెట్టేరా?" అని అడిగింది. పెట్టేం అని రాసేం. మళ్ళీ చింతించింది. నాలుగుసార్లు చింతించి, పిన్‌కోడ్ అడిగి, "మీ ప్రాంతంలో ప్రస్తుతం సర్వీసు అందుబాటులో లేదు" అని చెప్పి చాటింగ్ ముగించేసింది.

నాకు మండింది ఇక్కడే. ఫిబ్రవరిలో డబ్బులు కట్టినప్పుడు కూడా ఇదే పిన్‌కోడ్ ఇచ్చేను. అప్పుడు పచ్చటి టిక్కు పెట్టి "డెలివరీ ఉంది" అంది. అమ్మేటప్పుడు మ్యాపులో ఉన్న ఊరు, బాగుచేసేటప్పటికి మ్యాపులోంచి ఎలా పోయింది?

మూడోరోజు విశాఖలో ఉద్యోగం చేస్తున్న మా పాప గట్టిగా మాట్లాడి ఒక కంప్లయింటు నెంబరు తెచ్చింది. నలభై ఎనిమిది గంటల్లో మనిషి వస్తాడని మెసేజ్ వచ్చింది. ఆ రెండు రోజులూ నేను చేను వైపు వెళ్ళలేదు, వాకిట్లోనే కూర్చున్నాను. ఆరోరోజు ఇంకో మెసేజ్: "కస్టమరు అందుబాటులో లేనందున కంప్లయింటు మూసివేయబడింది." మా ఊరికి ఒకటే దారి, ఆ దారి మా ఇంటి ముందు నుంచే. ఏ బండీ రాలేదు.

మళ్ళీ కంప్లయింటు. తొమ్మిదోరోజు ఒక కుర్రాడు బండిమీద ఘాట్ రోడ్డెక్కి వచ్చేడు. పాపం, అతని తప్పు ఏమీ లేదు. చేతిలో ఒక స్క్రూడ్రైవరు, ఒక మీటరు, అంతే. ఐదు నిమిషాలు చూసేడు. "కంప్రెసర్ పోయినట్టుంది అన్నా, మీ దగ్గర ఓల్టేజి సమస్య కదా, వారంటీలో వస్తాదో రాదో ఆఫీసు వాళ్ళు చెప్తారు" అన్నాడు. టీ తాగేడు, వెళ్ళిపోయేడు. అంత దూరం వచ్చి వట్టి చేతులతో వెళ్ళిపోయేడు. పెట్రోలు వాళ్ళది పోయింది, రోజు నాది పోయింది.

ఈలోగా ఇన్సులిన్ సంగతి? సీలున్న వాటిని కింద ఊళ్ళో దుకాణం ఆయన ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకుల పక్కన పెట్టించేను. మా ఇంటికి రెండు కిలోమీటర్లు. వాడుతున్న సీసా మాత్రం ఇంట్లో కొత్తకుండ నీళ్ళతో తడిపి, నీడలో, నీళ్ళు లోపలికి పోకుండా డబ్బాలో పెట్టి ఉంచేం. ఒకసారి మొదలుపెట్టిన సీసా మరీ వేడి లేనిచోట నాలుగు వారాల దాకా ఉంటదని నర్సమ్మ చెప్పింది కాబట్టి సరిపోయింది. కానీ పందొమ్మిది రోజులూ మా ఇంటావిడ సూది వేసుకున్న ప్రతిసారీ, "ఇది పనిచేస్తందా, పాడైపోయిందా" అని అడిగేది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కస్టమర్ కేర్ లెక్కలో అది 'అసౌకర్యం'. మా లెక్కలో అది భయం.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి. నా అవస్థ చూసి మా పక్కింటి బావ, "గూగుల్లో కొడితే నెంబర్లు బోల్డు వస్తాయి, నేను మొన్న మిక్సీకి అలాగే చేసేను" అని మొదలెట్టేడు. తర్వాత చల్లగా అసలు కథ చెప్పేడు. గూగుల్లో దొరికిన నెంబరుకి చేస్తే వెంటనే ఎత్తేరంట, ఎంతో మర్యాదగా తెలుగులో మాట్లాడేరంట. పది రూపాయలు రిజిస్ట్రేషన్ అని, ఒక ఆప్ వేసుకోమని అన్నారంట. ఆ ఆప్ వేస్తే ఫోన్లో మనం నొక్కేదంతా అవతలివాడికి కనపడుతుంది. ఖాతాలోంచి ఎనిమిదివేల నాలుగువందలు పోయేయి. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను: నిజమైన కస్టమర్ కేర్ ఎత్తదు, దొంగ కస్టమర్ కేర్ ఒక్క రింగుకే ఎత్తుతుంది. నెంబరు ఎప్పుడూ బిల్లు మీద, వారంటీ కార్డు మీద, లేదా వస్తువు మీద అంటించిన కాగితం మీద చూసే చెయ్యండి. బాగుచెయ్యడానికి ఓటీపీ అడిగేవాడు, స్క్రీన్ చూపించమనేవాడు మెకానిక్ కాదు. డబ్బు పోతే సిగ్గుపడకుండా అదే గంటలో 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బుని దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.

పన్నెండోరోజు మా పాప చెప్పింది, "నాన్నా, 1915కి చెయ్యి" అని. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేస్తుంది, తెలుగుతో కలిపి పదిహేడు భాషల్లో మాట్లాడతారు. కొన్న తేదీ, బిల్లు నెంబరు, కంప్లయింటు నెంబర్లు, వాళ్ళు పెట్టిన మెసేజులు అన్నీ అడిగేరు. "రాకుండానే వచ్చేం అని మూసేసేరు" అన్న మాట ప్రత్యేకంగా రాసుకున్నారు. నాకొక నెంబరు ఇచ్చేరు. ఒకటి తెలుసుకోండి, ఇది కోర్టు కాదు. వాళ్ళు కంపెనీకి ఆజ్ఞ వెయ్యలేరు. మన ఫిర్యాదుని కంపెనీలో సరైన మనిషి దగ్గరికి పంపి, జవాబు అడుగుతారు. చాలాసార్లు మనకి కావలసింది అదే. మన మాట మిషను దగ్గర ఆగిపోకుండా మనిషి దాకా వెళ్ళాలి.

పదిహేనోరోజు ఫోన్ వచ్చింది. ఒక అమ్మాయి. "సర్, మీ పాత కంప్లయింట్లు రెండూ నా ముందు ఉన్నాయి, మీరు మళ్ళీ మొదటినుంచి చెప్పక్కర్లేదు" అంది. ఆ ఒక్క మాటకి నా కోపం సగం దిగిపోయింది. తర్వాత అడిగింది, "చప్పుడు ఎలా వస్తోంది? ఎన్ని నిమిషాలకి ఒకసారి టిక్ అంటోంది? టిక్ అనేముందు మోటారు గుర్రుమంటోందా?" అని. ఇన్ని రోజుల్లో ఆ టిక్ గురించి అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయి.

"ఇంటి దగ్గర సిగ్నల్ లేదమ్మా" అన్నాను. "పర్లేదండి, ఇంటి దగ్గర వీడియో తీసుకుని, సిగ్నల్ ఉన్నచోటికి వచ్చి పంపండి. రెండు నిమిషాలు చాలు. వెనక వైపు, చప్పుడు వినపడేలాగ" అంది. మా బాబు తీసేడు, పనసచెట్టు దగ్గరికి వెళ్ళి పంపేడు. గంటకి మళ్ళీ ఫోన్. "కంప్రెసర్ బాగానే ఉండొచ్చండి. దాన్ని స్టార్ట్ చేసే రిలే పోయినట్టుంది. తక్కువ ఓల్టేజిలో కంప్రెసర్ తిరగలేక కరెంటు ఎక్కువ లాగుతుంది, అప్పుడు కాలిపోకుండా ఓవర్‌లోడ్ తుంచేస్తుంది. ఆ తుంచే చప్పుడే మీరు వింటున్న టిక్. నాలుగురోజుల్లో మనిషి ఆ రెండు పార్టులూ పట్టుకునే వస్తాడు. గురువారం. రాకపోతే ఈ నెంబరుకే చెయ్యండి, నేనే ఎత్తుతాను" అంది.

గురువారం వచ్చేడు, అదే కుర్రాడు. ఈసారి పార్టులు తెచ్చేడు. ఇరవై నిమిషాల పని. టిక్ ఆగిపోయింది, గుర్రు మొదలైంది. డబ్బులు ఒక్క రూపాయి తీసుకోలేదు. సాయంత్రానికి దుకాణం నుంచి ఇన్సులిన్ ఇంటికి తెచ్చుకున్నాం. మొత్తం పందొమ్మిది రోజులు.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను.

చాలామంది అంటారు, "ఈ ఆన్‌లైన్ సర్వీసు అంతా మోసం, మనిషి వచ్చి చూస్తేనే పని" అని. నేనూ అలాగే అనేవాణ్ణి. ఇప్పుడు అనను. మనిషి వచ్చి చూసేడు కదా, తొమ్మిదోరోజు. ఏమైంది? వట్టి చేతులతో వెళ్ళేడు. మనిషి రాకుండా వీడియో చూసిన అమ్మాయి జబ్బు పట్టుకుంది. విశాఖ నుంచి మన అరకు నూటపదిహేను కిలోమీటర్ల దాకా ఉంటది. ఊళ్ళోకి ఇంకా లోపలికి రావాలి. పట్నంలో మెకానిక్ రెండుసార్లు తిరిగినా నష్టం లేదు. మన దగ్గరికి రెండుసార్లు ఎక్కడమంటే ఎవడికైనా కష్టమే. అందుకని దూరంగా ఉన్నవాడికే ఫోన్లో సరైన సాయం ఎక్కువ కావాలి. ముందు జబ్బు కనుక్కో, తర్వాత మందు పట్టుకుని రా. ఆవుకి జ్వరమొస్తే పశువుల డాక్టరు కూడా ఫోన్లో ముందు "మేత తింటందా, నెమరు వేస్తందా" అని అడిగే కదా సంచి సర్దుకుంటాడు.

ఆ అమ్మాయి ఏం గొప్ప చేసింది? పాత కథ చదువుకుని వచ్చింది. సరైన ప్రశ్న అడిగింది. మాకు సిగ్నల్ లేదంటే దానికి దారి చూపించింది. కారణం మనకి అర్థమయ్యేటట్టు చెప్పింది. ఒక రోజు చెప్పి, ఆ రోజుకి తను జవాబుదారీ అంది. ఇందులో ఖర్చయ్యేది ఏదీ లేదు. 'క్షమించండి' అన్న మాట ఆ అమ్మాయి ఒక్కసారి కూడా అనలేదు. అనక్కర్లేకపోయింది.

ఒక పెద్దమనిషితో ఇది చెప్తే ఆయన అన్నాడు, "పదిహేడు వేల ఫ్రిజ్‌కి కొండెక్కి వస్తే కంపెనీకి ఏం మిగులుతుందయ్యా" అని. ఆయన మాటలో లెక్క ఉంది, కాదనను. కానీ నేను కట్టింది కూడా పట్నంవాడు కట్టినంతే. కొండమీదవాడికి వారంటీ వర్తించదని కార్డులో ఎక్కడా లేదు. సర్వీసు ఇవ్వలేమంటే అమ్మేముందే పెద్ద అక్షరాలతో చెప్పాలి, అప్పుడు కొనాలో వద్దో నేను చూసుకుంటాను. డబ్బులు తీసుకున్నాక పిన్‌కోడ్ చూసి తప్పుకోవడం వ్యాపారం కాదు. ఇంకో దారి కూడా ఉంది. ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు మన మండలాల్లో లేరా? అరకులోనో పాడేరులోనో ఇద్దరికి పని నేర్పి, నాలుగు రకాల పార్టులు వాళ్ళ దగ్గర ఉంచితే చాలు. పార్టు ఏదైనా మరీ కావాలంటే కిరండూల్ పాసింజరు పొద్దున్న విశాఖలో బయల్దేరి మధ్యాహ్నం కాకుండానే అరకులో దింపుతుంది. రైలుకి కనపడే ఊరు కంప్యూటరుకి కనపడదా?

భాష సంగతి కూడా చెప్పాలి. నేను ఇంటర్ చదివేను, మా పాప ఉద్యోగం చేస్తోంది, అయినా పందొమ్మిది రోజులు పట్టింది. మా పైన ఊళ్ళో కువి మాట్లాడేవాళ్ళు, ఆదివాసీ ఒరియా మాట్లాడేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో పెద్దవాళ్ళకి తెలుగే అంతంతమాత్రం. హిందీకి ఒకటి నొక్కమంటే ఏం నొక్కుతారు? అలాంటివాళ్ళకి మన పిల్లలే కస్టమర్ కేర్ అవ్వాలి. ఊరికి ఒక కుర్రాడో అమ్మాయో పక్కింటివాళ్ళ కంప్లయింటు రాసిపెడితే అది పుణ్యం.

చట్టం మన పక్షాన ఉంది, మనమే దాన్ని వాడట్లేదు. 1986లో మొదటి వినియోగదారుల చట్టం వచ్చింది. దాని బదులు 2019లో కొత్త చట్టం చేసేరు, 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో కంపెనీ ఉన్నచోటో, వ్యవహారం జరిగినచోటో కేసు వెయ్యాలి. కొత్త చట్టంలో మనం ఉంటున్న ప్రాంతం కమిషన్లోనే వెయ్యొచ్చు. వస్తువుకి కట్టింది ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్లో వెయ్యొచ్చు, వీడియోలో హాజరవ్వడానికి కూడా చట్టంలో వీలుంది. సమస్య వచ్చిన రోజునుంచి రెండేళ్ళ లోపు వెయ్యాలి. ఇంకొకటి, ఆన్‌లైన్లో అమ్మే ప్రతి సంస్థా ఫిర్యాదుల అధికారి పేరు, ఆయన్ని సంప్రదించే వివరాలు వెబ్‌సైట్లో పెట్టాలి. ఆయన నలభై ఎనిమిది గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది ఇది. నాకు ఇది మూడోరోజే తెలిసుంటే వాకిట్లో కూర్చునేవాణ్ణి కాదు.

మన తప్పులు కూడా ఒప్పుకోవాలి. బిల్లు చూరులో దోపుతాం, వాన తడికి అక్షరాలు చెరిగిపోతాయి. కొన్నరోజే బిల్లు, వారంటీ కార్డు, వెనకాల సీరియల్ నెంబరు ఫోటో తీసి పిల్లలకి వాట్సాప్‌లో పంపెయ్యండి, పోదు. వారంటీలో ఉన్న వస్తువుని సంతలో మెకానిక్ చేత విప్పించకండి, విప్పితే కంపెనీకి సాకు దొరుకుతుంది. ఫోన్లో తిట్టకండి, అవతల ఉన్నది కూడా జీతానికి పనిచేసే పిల్లలే. తిట్టే బదులు తేదీ రాసుకోండి, ఎవరితో మాట్లాడేమో రాసుకోండి, నెంబరు అడగండి. మనిషి రాకుండా కంప్లయింటు మూసేస్తే అదే రోజు "ఎవరూ రాలేదు" అని మెసేజ్ పెట్టండి. ఆ మెసేజే రేపు సాక్ష్యం. ఇంకా, మన దగ్గర ఓల్టేజి పడిపోతుందని తెలిసి కూడా నేను స్టెబిలైజరు కొనలేదు. రెండువేలకి కక్కుర్తిపడ్డాను. మొన్న సంతకి వెళ్ళి కొన్నాను.

చివరిగా కంపెనీల వాళ్ళు ఎవరైనా ఇది చదివితే ఒక్క మాట. మీ మిషను మా మీద జాలి పడక్కర్లేదు. పాట వినిపించక్కర్లేదు. చెడింది ఏంటో వినే ఒక మనిషి, వచ్చే రోజు ఏదో చెప్పే ఒక మాట, ఆ రోజు రావడం. మేము అడిగేది ఇంతే. కాఫీ కొనేవాడికి మేం కూడా అదే ఇస్తాం. గింజ తడి ఉందని అతనంటే పిన్‌కోడ్ అడగం, బస్తా విప్పి చూస్తాం.

మీ ఇళ్ళల్లో ఇలాంటివి ఏవైనా నడుస్తుంటే కింద రాయండి, తెలిసింది చెప్తాను. 1915, 1930 ఈ రెండు నెంబర్లూ గోడమీద బొగ్గుతో అయినా రాసి ఉంచండి.

వాన మబ్బు పట్టింది, చోడి నారు చూసుకోవాలి. ఉంటాను మరి.